రేసు గుర్రం వెంట్రుకలతో చేసిన వస్తువులు కొనొచ్చా?

పేరున్న రేసు గుర్రాల వెంట్రుకలతో బ్రేస్‌లెట్లు, కుండలు చేసి అమ్ముతారట, నిజమేనా, కొంటే మోసపోతామా అని అడిగారు. నిజమే, అమ్ముతారు. నేను ఉండేది అమెరికాలో, కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌లో. ఊరి చుట్టూ గుర్రాల ఫారాలే కాబట్టి ఇలాంటివి తరచూ కంటపడుతుంటాయి. మా ఇంట్లోనూ అలాంటి కుండ ఒకటుంది.

ఇదేమీ కొత్త సరదా కాదు. ఇంగ్లండ్‌లో ఎక్లిప్స్ అని ఒక గుర్రం ఉండేది. 1764లో సూర్యగ్రహణం నాడు పుట్టిందని ఆ పేరు పెట్టారు (మన దగ్గరైతే ముందు శాంతి చేయించేవాళ్ళు). పరిగెత్తిన 18 పందేల్లో ఒక్కటీ ఓడలేదు. అక్కడ గుర్రప్పందేలకి పేరున్న న్యూమార్కెట్ అనే ఊళ్ళో బహుమతిగా ఇచ్చే ఒక పాత కొరడా ఉంది. దాని పిడికి కట్టిన పట్టీలో ఎక్లిప్స్ వెంట్రుకలు అల్లారని చెబుతారు. ఎక్లిప్స్ డెక్కకి బంగారం తొడిగి, నాలుగో విలియం రాజు గుర్రప్పందేల సంఘమైన జాకీ క్లబ్‌కి కానుకగా ఇచ్చాడు. ఎక్లిప్స్ వంశంలోనే కోపెన్‌హాగెన్ అనే గుర్రం పుట్టింది. రేసుల్లో పెద్దగా వెలగలేదు గానీ, 1815లో నెపోలియన్ ఓడిపోయిన వాటర్లూ యుద్ధంలో బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ ఎక్కింది దాన్నే. ఆయన భార్య దాని వెంట్రుకలతో చేసిన బ్రేస్‌లెట్ వేసుకునేది.

అన్నిటికంటే నాకు ఆశ్చర్యంగా అనిపించేది ఫార్ ల్యాప్ అనే రేసు గుర్రం కథ. న్యూజిలాండ్‌లో పుట్టి, 1930లో మెల్‌బోర్న్ కప్ గెలిచి, 1932లో కాలిఫోర్నియాలో హఠాత్తుగా చచ్చిపోయింది. దాని చర్మం మెల్‌బోర్న్ మ్యూజియంలో, గుండె కాన్‌బెరాలో, ఎముకలు న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్ నగరంలో ఉన్నాయి. విషం పెట్టారా లేదా అని దశాబ్దాలు వాదించుకున్నారు. చివరికి జూలు నుంచి తీసిన ఆరు వెంట్రుకల్ని ఎక్స్‌రే కిరణాలతో పరీక్షిస్తే, చావుకి 30, 40 గంటల ముందు పెద్ద మోతాదులో ఆర్సెనిక్ అనే విషం ఒంట్లోకి వెళ్ళిందని తేలింది. ఆ రోజుల్లో గుర్రాలకి పట్టే టానిక్కుల్లోనూ ఆర్సెనిక్ ఉండేది కాబట్టి, కావాలని చంపారా అన్న గొడవ మాత్రం ఇంకా తెగలేదు.

ఇక మా ఇంట్లో ఉన్నది. పేరు మోసిన గుర్రానిది కాదు. నాతో పనిచేసే ఆవిడ పెంచుకునే, రేసులు మానేసిన ఒక తెల్ల గుర్రానిది. తోక వెంట్రుకలు కొన్ని షాంపూతో కడిగి ఆరబెట్టి తెచ్చింది. ఇక్కడి కుమ్మరి ఒకాయన దగ్గర కుండ చేయిస్తుంటే నేనూ వెళ్ళాను. నున్నటి రాయితో రుద్ది మెరుగుపెట్టిన కుండ అది, పైన గ్లేజు (గాజులాంటి పూత) ఉండదు. దాన్ని బట్టీలోంచి పొడుగాటి పట్టకారుతో తీసి ఇటుక మీద పెట్టాడు. అప్పటికి వేడి 600 డిగ్రీల దాకా ఉంటుందట. చేతికి గ్లౌజు తొడుక్కుని ఒక్కొక్క వెంట్రుకా దాని మీద జారవిడిచాడు. తగలగానే చిటపటమని మెలికలు తిరిగి కాలిపోయింది. జుట్టు కాలిన కంపు, సన్నటి పొగ. అది పడ్డచోట నల్లటి గీత ఒకటి మట్టిలోకి ఇంకిపోయింది. తెల్ల గుర్రం వెంట్రుక కూడా నల్లగానే గీస్తుంది, ఎందుకంటే మిగిలేది మసి ఒక్కటే. తోక వెంట్రుక అయితే గీత లావుగా వస్తుంది, జూలుది సాలెపోగులా వస్తుంది. కుండ కాస్త చల్లారిందంటే వెంట్రుక సరిగ్గా కాలదు, గీత పడదు. అందుకే ఆ కాసేపూ ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత బూడిద తుడిచి మైనం రుద్దాడు.

బ్రేస్‌లెట్ సంగతి వేరు, అందులో అసలు వెంట్రుకే కళ్ళెదుట ఉంటుంది. వయొలిన్ కమానుకి కట్టేది కూడా గుర్రం తోకే కదా, అంత గట్టిది. జడలా అల్లి చివర్లు లోహపు మూతల్లో అతికిస్తారు. తెల్లవి అయితే చెమటకి పసుపెక్కుతాయి, రోజూ వేసుకునేవాళ్ళకి నల్లవే నయం.

మోసం దగ్గరికొస్తే, మన దగ్గర ఏనుగు వెంట్రుక ఉంగరమని ప్లాస్టిక్ తీగ అంటగట్టినట్టే ఇక్కడా జరగొచ్చు. ఒక పోగు కాల్చి చూస్తే వెంట్రుకో ప్లాస్టిక్కో తెలుస్తుంది. ఏ గుర్రానిదో మాత్రం తెలీదు. గుర్రాల డీఎన్ఏ పరీక్షకి కుదురుతో సహా పీకిన వెంట్రుకలు పంపుతారు. నగల్లో ఉండేవి కత్తిరించినవి, కుదుళ్ళుండవు, మామూలు పరీక్షకి పనికిరావు. కుండ మీద అసలు వెంట్రుకే మిగలదు. పైగా ఎక్లిప్స్‌వేనంటూ లోకంలో నాలుగు కంటే ఎక్కువ డెక్కలే చలామణీ అయ్యాయి! కాబట్టి ఆ గుర్రం ఉన్న ఫారం వాళ్ళో, యజమానో సంతకం పెట్టి ఇస్తే తప్ప పేరు కోసం ఎక్కువ డబ్బు పెట్టకండి. ఆన్‌లైన్‌లో సర్టిఫికెట్ ఫొటో ఒక్కటే చూపిస్తే నేనైతే కొనను.

మీకు తెలిసినవాళ్ళ దగ్గర గుర్రం ఉంటే ఇంకా సులువు. తోక కింది వరసల్లోంచి కత్తిరించమనండి, పైకి కనబడదు. కుండ చేయిస్తే మాత్రం అందులో నీళ్ళు పోయకండి, గ్లేజు లేదు కాబట్టి ఊరుతుంది. ఎండు పూలు పెట్టుకోవచ్చు.