చేతి నరం అతుక్కుంది, వెన్నుపాము ఎందుకు అతుక్కోదు?

ప్రశ్న: మేడమ్ గారూ, మధురవాడలో అపార్ట్‌మెంట్ పని చేస్తూ మా తమ్ముడు పైనుంచి పడిపోయాడు. వెన్నులో డి8 (ఛాతీ వెనక ఎనిమిదో వెన్నుపూస) దగ్గర దెబ్బ. ఆపరేషన్ అయి ఎనిమిది నెలలైనా నడుము కింద కదలిక లేదు. ఇదివరకు గాజు గుచ్చుకుని వాడి మణికట్టు దగ్గర నరం తెగితే, కుట్టాక కొన్ని నెలలకు వేళ్లకు స్పర్శ వచ్చింది. వెన్నుపాముకి ఎందుకు రాదు? ఒకచోట స్టెమ్ సెల్ ఇంజెక్షన్లతో నడిపిస్తామని లక్షలు అడుగుతున్నారు. యలమంచిలి దగ్గర జీడితోట అమ్మేద్దామా?
— ఒక అక్క, గాజువాక

జవాబు: తోట అమ్మకండమ్మా. ముందు ఈ మాట వినండి, కారణం తర్వాత చెబుతాను.

చేతి నరం తెగితే దాని చుట్టూ ఉండే ష్వాన్ కణాలు చెత్తను తీసేసి, కొత్తగా పెరిగే నరపు పోగుకి దారి చూపిస్తాయి. ఆ పోగు రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. అందుకే వేళ్లదాకా చేరడానికి నెలలు పట్టింది. వెన్నుపాములో ష్వాన్ కణాలు ఉండవు. అక్కడి నరాల పైపొరలో నోగో-ఎ లాంటి ప్రొటీన్లు పెరుగుదలని ఆపేస్తాయి, దెబ్బ తగిలినచోట మచ్చ కూడా కడుతుంది. కానీ పోగుకి పెరిగే శక్తి పూర్తిగా పోలేదు. 1981లో కెనడాలోని మాంట్రియల్‌లో నరాల శాస్త్రవేత్త అగ్వాయో బృందం ఎలుకల్లో కాలి నరం ముక్కని వంతెనలా అతికిస్తే, వెన్నుపాము పోగులు అందులోకి పెరిగాయి. నాకు ఈ పరిశోధన మీద నమ్మకం అక్కడే మొదలైంది.

అయితే ఎలుకలో పెరిగినంత మాత్రాన మనిషి నడవడు. నోగో-ఎని అడ్డుకునే మందుని యూరప్‌లో మెడ దగ్గర కొత్తగా దెబ్బ తగిలినవాళ్లకి ఇచ్చి చూశారు. 2024 చివర్లో వచ్చిన ఫలితాల్లో మొత్తంమీద అనుకున్నంత మేలు కనబడలేదు. ఇక స్టెమ్ సెల్స్ సంగతి. 2017 నాటి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల ప్రకారం వెన్నుపాము దెబ్బకి అవి ఇంకా ప్రయోగమే. ప్రయోగమైతే సీటీఆర్ఐలో, అంటే మన దేశంలో వైద్య ప్రయోగాల్ని నమోదు చేసే జాబితాలో, నమోదు నంబరు ఉండాలి, రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఆ నంబరు అడగండి. లక్షలు అడుగుతున్నారంటేనే అది పద్ధతి ప్రకారం జరిగే ప్రయోగం కాదు.

2018లో స్విట్జర్లాండ్‌లో లోజాన్ పరిశోధకులు దెబ్బ తగిలి ఏళ్లు గడిచినవాళ్లకి వెన్నుపాము మీద ఎలక్ట్రోడ్లు పెట్టి, కరెంటుతో పాటు గట్టి శిక్షణ ఇచ్చి, ఆసరాతో నడిపించారు. మిగిలి ఉన్న పోగులు పనిచేయడమే దాని మూలం. అంటే రేపు ఏ వైద్యం వచ్చినా కీళ్లు బిగుసుకోకుండా, పుండ్లు పడకుండా ఉన్న ఒళ్లే దానికి పనికొస్తుంది. రిటైరయ్యేదాకా ఇలాంటి వాళ్లకే ఫిజియోథెరపీ చేశాను. ఉన్న డబ్బంతా ఇంజెక్షన్లకి పోసి, పిరుదుల మీద ఎముక కనిపించే పుండుతో వచ్చిన కుర్రాళ్లని చూస్తే కడుపు తరుక్కుపోయేది.

మంచం మీద రెండు గంటలకోసారి పక్క మార్చండి. మన వైజాగ్ ఉక్కకి వీపు చెమటతో నానిపోతుంది, తుడిచి ఆరనివ్వండి. వేడినీళ్లు కాళ్లమీద పోసేముందు మీ చెయ్యి పెట్టి చూడండి. మూత్రం గొట్టం విషయం యూరాలజీ డాక్టర్‌తో మాట్లాడండి.

ఇంకొకటి, డిశ్చార్జ్ సమ్మరీలో ఏషియా గ్రేడ్ (వెన్నుపాము దెబ్బ ఎంత తీవ్రమో చెప్పే కొలత) ‘ఎ’ అని రాశారా, ‘బి’ అనా? ‘ఎ’ అంటే మలద్వారం దగ్గర స్పర్శ, కదలిక రెండూ లేవని, ‘బి’ అంటే అక్కడ స్పర్శ మిగిలి ఉందని. మలద్వారం దగ్గర ఏ కాస్త స్పర్శ ఉన్నా అంచనా మారుతుంది. ఆ పరీక్ష మళ్లీ చేయించి, ఫలితం నాకు రాయండి.