గ్యాప్‌ను దాచకండి, ఆరేళ్ల అనుభవాన్ని వదులుకోకండి

ప్రశ్న: జావా డెవలపర్‌గా ఆరేళ్లు చేశాను. బాబు పుట్టాక మానేసి మూడేళ్లయింది. ఇంటర్వ్యూకి వెళ్తే 'బాబును ఎవరు చూసుకుంటారు?' అంటున్నారు. అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఆ మూడేళ్లకు ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇప్పిస్తామంటున్నారు. మావారేమో టెస్టింగ్ నేర్చుకుని ఫ్రెషర్‌గా చేరమంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, ముందు ఆ లెటర్ జోలికి వెళ్లకండి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో చాలా కంపెనీలు పీఎఫ్ సర్వీస్ హిస్టరీ అడుగుతున్నాయి. ఎక్కడ ఏ తేదీన చేరారో, ఎప్పుడు మానేశారో అందులో ఉంటుంది. లెటర్‌లోని మూడేళ్లు అక్కడ లేకపోతే చేతికొచ్చిన ఆఫర్ పోతుంది. చేరాక బయటపడితే ఉద్యోగమే పోతుంది. రెజ్యూమెలో 'పిల్లాడి కోసం విరామం' అని తేదీలతో సహా రాసేయండి.

టెస్టింగ్ మీకు ఇష్టమైతే సరే. 'ఆడవాళ్లకు అదే సుళువు' అన్నారని మాత్రం వెళ్లకండి. ఆరేళ్ల అనుభవాన్ని పక్కన పెట్టి ఫ్రెషర్ జీతానికి చేరి, మళ్లీ పైకి రావడానికి ఏళ్ల తరబడి అవస్థపడుతున్నవాళ్లను చూస్తున్నాను. మనసుకు చాలా కష్టంగా ఉంటుంది.

మీకు కావాల్సింది ఈమధ్య కాలంలో మారినవి పట్టుకోవడం. జావాలో అప్లికేషన్లు రాయడానికి వాడే ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ బూట్ ఉంది కదా, దాని వెర్షన్ 3కి కనీసం జావా 17 ఉండాలి. పాత కోడ్‌లో 'జావాఎక్స్' అని ఇంపోర్ట్ చేసినవాటిలో చాలావరకు 'జకార్తా' అని మార్చుకోవాలి. పాత పద్ధతిలో రాసిన చిన్న ప్రాజెక్టు ఒకటి తీసుకుని మీరే స్ప్రింగ్ బూట్ 3కి మార్చి, కోడ్‌ను నలుగురికీ కనిపించేలా పెట్టుకునే గిట్‌హబ్ సైట్‌లో పెట్టండి. ఎక్కడ ఎర్రర్ వచ్చిందో, ఎలా సరిచేశారో రాసి ఉంచుకోండి. ఇంటర్వ్యూలో మూడేళ్ల గురించి అడగ్గానే అది చూపించండి, మాటలు పని మీదకు మళ్లుతాయి. విరామం తర్వాత తిరిగొచ్చే ఆడవాళ్ల కోసం టీసీఎస్ 'రీబిగిన్', ఇన్ఫోసిస్ 'రీస్టార్ట్ విత్ ఇన్ఫోసిస్' పేర్లతో నియామకాలు చేపట్టాయి. అలాంటివి ఎప్పుడు పడతాయో కంపెనీల కెరీర్ పేజీల్లో చూస్తూ ఉండండి.

ఇక బాబు ప్రశ్న. పిల్లలున్న మగవాళ్లను ఆ మాట ఎవరూ అడగరు, మీకు కోపం రావడం న్యాయమే. అయినా 'ఏర్పాటు చేసుకున్నానండీ, ఆఫీసు టైముకు ఇబ్బంది లేదు' అని ఒక్క ముక్కలో చెప్పి ఆపండి. అత్తగారు ఉంటారా, ఆయాను పెట్టారా అన్న వివరాలు వాళ్లకు అనవసరం. 50 మంది, ఆపైన పనిచేసే సంస్థ క్రెష్ (పని వేళల్లో పిల్లలను చూసుకునే చోటు) సదుపాయం కల్పించాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పుడే చేర్చారు. ఆఫర్ చేతికొచ్చాక హెచ్‌ఆర్‌ను మొహమాటం లేకుండా అడగండి.

బాబుకు జ్వరం వచ్చిన రోజు ఎవరు సెలవు పెట్టాలో మాత్రం, చేరకముందే మీవారితో కూర్చుని మాట్లాడుకోండి.