బ్యాంకు పేరు కాదు, నెలాఖరు సంగతి అడుగు

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర ఊరు. ఆగస్టులో ఎమ్మెస్‌కు అమెరికా వస్తున్నాను. ఒక్కో సీనియర్ ఒక్కో బ్యాంకు పేరు చెబుతున్నాడు. ఖాతా తెరిస్తే రెండు మూడు వందల డాలర్లు ఎదురిచ్చే బ్యాంకులూ ఉన్నాయట. ఏది తీసుకోమంటారన్నా?

తమ్ముడూ, ముందు నీ చేతికి పైసలు ఎట్లా వస్తాయో చూసుకో. మీది సాగర్ ఎడమ కాల్వ కింద ఊరు కాబట్టి వానకాలం వడ్లకు ఒకసారి, యాసంగికి ఒకసారి ఇంట్లో పైసలు ఆడతాయి. మాది దేవరకొండ దిక్కు, పత్తి అమ్మిన నెలే మాకు పండుగ, మిగతాదంతా ఉద్దెర. ఇక్కడ విద్యార్థి బతుకూ అంతే. సెమిస్టర్ మొదట్లో లోన్ డబ్బు పడుతుంది, ఫీజు కట్టగానే ఖాళీ అవుతుంది. నెలాఖరుకు ఇరవై, ముప్పై డాలర్లతో నెట్టుకొచ్చే రోజులు తప్పవు. అట్లాంటి రోజున బ్యాంకు నీ దగ్గర ఎంత వసూలు చేస్తుందో, ఖాతా తెరవకముందే అడుగు.

నేను 2012లో వచ్చాను. ఖాతా తెరిచేటప్పుడు ‘ఓవర్‌డ్రాఫ్ట్ కవరేజ్ కావాలా’ అని అడిగితే, కవరేజ్ అంటే ఏదో రక్షణ అనుకుని సరేనన్నాను. ఖాతాలో డబ్బు చాలకపోయినా బ్యాంకు తానే కట్టి, మన మీద రుసుము వేయడమే ఓవర్‌డ్రాఫ్ట్ అని తర్వాత తెలిసింది. అక్టోబర్ ఆఖరున ఖాతాలో 20 డాలర్లుంటే ఫోన్ బిల్లు దానంతటదే కట్ అయింది. తెలియక అదే రోజు కార్డుతో పాలు, బ్రెడ్డు కొన్నాను. రెండింటికీ చెరో 35 డాలర్ల జరిమానా పడింది. రెండు వారాల కూరగాయల ఖర్చు అది. ఆ రాత్రి నాయినకు ఫోన్ చేసి కూడా చెప్పలేకపోయాను.

2010 నుంచి ఇక్కడ నిబంధన ఏమిటంటే, కార్డుతో ఏదైనా కొన్నప్పుడు, ఏటీఎంలో తీసినప్పుడు నీ ఒప్పుదల లేకుండా బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ రుసుము వేయకూడదు. కాబట్టి ‘వద్దు’ అని చెప్పు. డబ్బు లేకపోతే కార్డు పనిచేయదు, అంతే. కానీ చెక్కులకూ, ఆటో పే (ఖాతాలోంచి దానంతటదే కట్ అయ్యే) బిల్లులకూ ఈ నిబంధన వర్తించదు. అందుకే మొదటి ఏడాది కరెంటు, ఫోన్ బిల్లులు నువ్వే చూసుకుని కట్టు.

రెండోది నెల ఫీజు. పెద్ద బ్యాంకుల్లో మామూలు చెకింగ్ ఖాతాలో (రోజువారీ ఖర్చులకు వాడే ఖాతా) కనీస నిల్వ లేకపోతే నెలనెలా కొంత కోస్తారు. విద్యార్థి ఖాతాకు అది మాఫీ. అయితే చాలాచోట్ల ఆ మాఫీ 24 ఏళ్ల వయసు దాకే. బీటెక్ తర్వాత రెండేళ్లు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసి వచ్చే మన పిల్లలకు ఆ గడువు ఇట్టే దాటిపోతుంది. నీ పుట్టిన తేదీ చెప్పి మరీ అడుగు. క్యాంపస్‌లో క్రెడిట్ యూనియన్ (మన సహకార బ్యాంకు లాంటిది) ఉంటే అక్కడా కనుక్కో, ఫీజులు తక్కువగా ఉండే అవకాశం ఉంది. బ్యాంకులో వేసిన డబ్బుకు ఎఫ్‌డీఐసీ, క్రెడిట్ యూనియన్‌లో వేసినదానికి ఎన్‌సీయూఏ అనే ప్రభుత్వ సంస్థల బీమా 2,50,000 డాలర్ల వరకు ఉంటుంది. ఆ ముద్ర ఉందో లేదో చూస్తే చాలు.

ఎదురిచ్చే డాలర్ల మాటకొస్తే, వాటికి జీతం నేరుగా ఖాతాలో పడాలనే షరతు ఎక్కువగా ఉంటుంది. నీకు ఇంకా జీతం లేదు. వదిలెయ్.

కాగితాలకు భయపడకు. సోషల్ సెక్యూరిటీ నంబర్ (ఇక్కడి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్య) లేకున్నా పాస్‌పోర్టు, వీసా, యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం, అద్దె చిరునామాతో యూనివర్సిటీ దగ్గరి బ్రాంచీల్లో చాలావరకు ఖాతా ఇస్తారు. ఆన్‌లైన్‌లో ప్రయత్నిస్తేనే నంబర్ దగ్గర ఆగిపోతుంది.

ఇప్పుడు అన్నిటికన్నా గట్టిగా చెప్పేది. ‘మీ నాయినను నల్లగొండలో మా నాయినకు రూపాయలు ఇయ్యమను, నేనిక్కడ నీ ఖాతాలో డాలర్లు వేస్తా, కమీషన్ మిగులుతుంది’ అని ఎవరో ఒకరు వస్తారు. మనూరివాడే అయివుంటాడు, నమ్మకమైనవాడే అయివుంటాడు. అయినా ఒప్పుకోకు. మన దేశపు విదేశీ మారక చట్టం ఫెమా దీన్ని ఒప్పుకోదు. పైగా ఆ డాలర్లు ఎక్కడివో నీకు తెలియదు. అనుమానం వస్తే బ్యాంకు నీ ఖాతా మూసేస్తుంది, అద్దె కట్టాల్సిన రోజున చేతిలో ఏమీ ఉండదు. నీ ఖాతాను ఇంకొకరి డబ్బు దాటించడానికి వాడనివ్వకు. డబ్బు పంపే ‘జెల్’ (Zelle) సేవలో తెలియనివాళ్లకు పంపిన డబ్బూ వెనక్కి రాదనుకో.

డబ్బు బ్యాంకు ద్వారానే రానీ. బ్యాంకు విద్యారుణం నుంచి పంపితే టీసీఎస్ (విదేశానికి పంపేటప్పుడు మన బ్యాంకు ముందే పట్టుకునే పన్ను) ఉండదు. నాయిన సొంత డబ్బు ఏడాదికి 10 లక్షలు దాటితే పడుతుంది కానీ, ఆదాయపన్ను రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటవుతుంది.

పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే వీసాలో ‘ఎఫ్ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని వస్తుంది, బ్యాంకులోనూ అదే ఎక్కొచ్చు. అందుకే ఖాతాలో పేరు ఎట్లా ఉందో అక్షరం తప్పకుండా, స్విఫ్ట్ కోడ్ (విదేశాల నుంచి డబ్బు పంపడానికి బ్యాంకును గుర్తించే కోడ్), ఖాతా నంబర్, వైర్‌కు (బ్యాంకు నుంచి బ్యాంకుకు నేరుగా పంపే డబ్బుకు) పనికొచ్చే రౌటింగ్ నంబర్ (అమెరికాలో బ్యాంకును గుర్తించే సంఖ్య) కలిపి రాసి నాయినకు మెసేజ్ పెట్టు. కొన్ని బ్యాంకుల్లో వైర్ నంబర్ వేరుగా ఉంటుంది, అడిగి తీసుకో. ఫోన్‌లో చదివి వినిపించకు. మిర్యాలగూడ బ్రాంచీలో ఆయన ఆ మెసేజ్‌నే చూపిస్తారు.