మీరు టెక్సాస్‌కి మారారు, కోర్టు ఆర్డర్ మారలేదు

ప్రశ్న: నా వయసు 45. డాలస్ దగ్గర ఐటీలో పనిచేస్తున్నాను, హెచ్-1బి వీసా. న్యూజెర్సీలో ఉండగా విడాకులయ్యాయి. మా అమ్మాయి వాళ్లమ్మ దగ్గర ఎడిసన్‌లోనే ఉంటుంది. రెండు వారాలకోసారి నా జీతంలో 738 డాలర్లు చైల్డ్ సపోర్ట్ (పిల్ల పోషణకి కోర్టు కట్టమన్న డబ్బు) కింద కట్ అవుతాయి. వచ్చే మేలో తనకి 18 నిండుతాయి, జూన్‌లో హైస్కూల్ అయిపోతుంది. టెక్సాస్‌లో అంతటితో సపోర్ట్ ఆగిపోతుంది కదా. వీకెండ్స్ కెఫేలో పనిచేసి సంపాదించుకుంటోంది కాబట్టి, ఎమాన్సిపేషన్ (పిల్ల తల్లిదండ్రుల మీద ఆధారపడటం లేదని తేల్చడం) అని చెప్పి ఇంకా ముందే ఆపించొచ్చని ఒక ఫ్రెండ్ అన్నాడు. నెలకి 1,600 మిగులుతుంది గనక 401కె (కంపెనీ ద్వారా ఉండే రిటైర్మెంట్ ఖాతా) లోన్ 40,000, పర్సనల్ లోన్ 25,000 తీసుకుని షాద్‌నగర్‌లో ప్లాట్ కొనాలనుకుంటున్నాను. అద్దె, కారు, తిండి కలిపి నెలకి 3,400 అవుతుంది. సేవింగ్స్ 7,200. కొనమంటారా?

జవాబు: వద్దు. లోన్ కాగితాల మీద ఇంకా సంతకం పెట్టకపోతే అక్కడితో ఆపేయండి. రాష్ట్రం మారగానే ఆర్డర్ కూడా మారిపోయిందనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. అందుకే మీ ప్రశ్న తీసుకున్నాను.

మీ ఆర్డర్ ఇచ్చింది న్యూజెర్సీ కోర్టు. రాష్ట్రాల మధ్య సపోర్ట్ ఆర్డర్ల కోసం అన్ని రాష్ట్రాల్లోనూ అమల్లో ఉన్న యూఐఎఫ్‌ఎస్‌ఏ చట్టం ప్రకారం, సపోర్ట్ ఎన్నేళ్లు కట్టాలన్నది మొదట ఆర్డర్ ఇచ్చిన రాష్ట్రం చట్టాన్ని బట్టే ఉంటుంది. తల్లీకూతుళ్లు ఇంకా అక్కడే ఉన్నారు కాబట్టి కట్టే డబ్బు తగ్గించాలన్నా ఆ కోర్టుకే వెళ్లాలి. టెక్సాస్ చేసేది వసూలు మాత్రమే. న్యూజెర్సీలో 2017 ఫిబ్రవరి నుంచి ఉన్న పద్ధతిలో సపోర్ట్ మామూలుగా 19 ఏళ్లకి ఆగుతుంది. అమ్మాయి ఫుల్‌టైమ్ కాలేజీలో ఉందని తల్లి అడిగితే 23 దాకా సాగొచ్చు. కాలేజీ ఖర్చులో వాటా కూడా అడగొచ్చు. అక్కడి రట్‌గర్స్ యూనివర్సిటీ మాట ఇంట్లో నడుస్తోందేమో, ముందు అమ్మాయినే అడగండి.

ఇక ఎమాన్సిపేషన్. పిల్ల పెళ్లి చేసుకున్నా, మిలిటరీలో చేరినా అది వేరు. అమ్మ ఇంట్లో ఉంటూ శని, ఆదివారాలు కాఫీ కలిపితే తన కాళ్ల మీద తాను నిలబడిందని జడ్జిని ఒప్పించలేరు. మీ ఫ్రెండ్ కాలిఫోర్నియా సంగతి ఎక్కడో విన్నట్టున్నాడు. అక్కడ 14 నిండిన పిల్లలు విడిగా ఉంటూ తమ ఖర్చు తామే చూసుకుంటుంటే కోర్టుని అడగొచ్చు. అదీ పిల్లలు అడగాలి, నాన్న కాదు.

నాకు అసలు టెన్షన్ పుట్టించింది మీ 7,200. మీ ఖర్చు 3,400, సపోర్ట్ 1,600, వెరసి నెలకి 5,000. రేపు లేఆఫ్ అయితే జీతం ఆగుతుంది, సపోర్ట్ ఆగదు. 1986లో వచ్చిన బ్రాడ్లీ సవరణ వల్ల ఒకసారి పడిన బాకీని ఏ జడ్జీ వెనక్కి వెళ్లి తగ్గించలేడు. తగ్గించమని మీరు కోర్టులో మోషన్ (అర్జీ) వేసి అవతలివాళ్లకి నోటీసు వెళ్లాకే, అదీ ఆ తేదీ నుంచే తగ్గించగలరు. కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి హెచ్-1బి మీకిచ్చేది గరిష్ఠంగా 60 రోజులు. మీ సేవింగ్స్ 43 రోజులకే ఖాళీ. పర్సనల్ లోన్ ఈఎంఐ కూడా ఉంటే ఇంకా ముందే! 401కె బాకీని టాక్స్ గడువులోగా సర్దలేకపోతే దాన్ని విత్‌డ్రా కింద లెక్కేస్తారు. టాక్స్ కట్టాలి, మీ వయసుకి పైన 10 శాతం పెనాల్టీ. రెండు అప్పులు నెత్తినేసుకుని కొన్న ప్లాట్ అమ్ముడుపోవడానికి నెలలు పడుతుంది, ఎడిసన్‌కి మాత్రం రెండు వారాలకోసారి 738 వెళ్లాలి.

ఆరు నెలల ఖర్చు, అంటే 30,000 సేవింగ్స్ ఖాతాలో ఉండాలి. ఇంకా 22,800 కావాలి. బోనస్ వస్తే మొత్తం అందులోకే. అప్పటిదాకా 401కెలో కంపెనీ మ్యాచ్ (మీరు వేసేదానికి కంపెనీ కలిపేది) వచ్చేంతే వేయండి. ఆర్డర్‌లో లైఫ్ ఇన్సూరెన్స్ షరతు ఉందేమో చూడండి. కంపెనీ ఇచ్చిన పాలసీ ఉద్యోగంతోనే పోతుంది కాబట్టి సొంత టర్మ్ పాలసీ తీసుకోండి. ప్లాట్ తర్వాత, అదీ అప్పు లేకుండా.

ఈ వారమే సపోర్ట్ వసూళ్లు చూసే న్యూజెర్సీ ప్రొబేషన్ ఆఫీసుకి ఫోన్ చేసి మీ డాలస్ అడ్రస్ రికార్డులో ఉందో లేదో కనుక్కోండి. అమ్మాయికి 19 నిండడానికి ఆరు నెలల ముందు, సపోర్ట్ ఆగడం గురించిన నోటీసు అక్కడి నుంచే వస్తుంది. అందులో ఆఖరి తేదీ ఏముందో చూశాక మళ్లీ రాయండి.