మూడు గుంటల్ల ఇల్లు: ప్లాన్ ముందా, పర్మిషన్ ముందా?

ప్రశ్న: మాది కల్వకుర్తి దగ్గర పల్లె. రోడ్డు పక్కన మా ఆయన పేరు మీదున్న చేన్ల మూడు గుంటలు విడదీసి ఇల్లు కట్టుకుందామనుకుంటున్నం. కొడుకు హైదరాబాద్ నుంచి ఎవరో గీసిన ప్లాన్ ఫోన్ల పంపిండు. మా సుతారి మేస్త్రి మాత్రం 'కాగితమెందుకక్కా, నేను ముగ్గు పోసిస్త' అంటుండు. ఆర్కిటెక్టు కావాల్నా? యాడ దొరుకుతరు? పర్మిషన్ ఎవరిస్తరు?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంల ప్లాన్ కంటె ముందు 'చేను' అన్న మాట దగ్గర ఆగిన. పాసుబుక్కుల చేనుగ ఉన్నంత కాలం అది ఇంటి జాగ కాదు. ముందు రెవెన్యూ వాళ్ల దగ్గర నాలా మార్పిడి చేయించుకోండి, అంటే సాగు భూమిని సాగుకు కాని భూమిగ మార్పించుకునుడు. అది లేకుండ పంచాయతీకి, బ్యాంకుకు తిరిగితే చెప్పులరుగుడే.

ఇంకో లెక్క. గుంటకు 121 గజాలు, మూడు గుంటలు 363. చదరపు మీటర్లల 303 చిల్లర. పంచాయతీ తనంతట తాను పర్మిషన్ ఇచ్చేది 300 చదరపు మీటర్ల జాగ, 10 మీటర్ల ఎత్తు వరకే. ఆ మూడు మీటర్ల కోసం మీ ఫైలు టౌన్ ప్లానింగ్ వాళ్ల దాక పోతది. నేనైతే రెండున్నర గుంటలకే నాలా చేయిస్త. మిగిలిన అరగుంటల బీరపాదులు పెట్టుకోండి.

ఇగ ప్లాన్. నల్లగొండల మా ఇంటికి ప్లాన్ గీసినాయన జాగ చూడకనే గీసిండు. కాగితం మీద మేడమెట్లు ముచ్చటగ ఉండె. కింది స్లాబు పోసినంక చూస్తే, మెట్లు పోయి తేలేది సరిగ్గ 11 కేవీ కరెంటు తీగ కింద! పైఅంతస్తు ఆగిపోయింది. పిల్లర్ల సలాకలు తుప్పు పట్టి ఇప్పటికీ నిలబడ్డయి. మా ఇంటామె వాటికి దండెం కట్టింది.

అందుకే నేను చూసేది ఒకటే: ప్లాన్ గీసేటాయన ఫీజు మాట కంటె ముందు 'చేను చూపియ్యండి' అంటడా లేదా. వస్తే మధ్యాహ్నం మూడింటికి రమ్మనండి, పడమటి ఎండ ఎట్ల కొడతదో ఆయనకే తెలుస్తది. మీ దిక్కు చెలక ఉన్నది, రేగడి ఉన్నది. రేగడైతే వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిస్తది, గుంత తవ్వి చూసినంకనే పునాది లోతు తేలుతది. అది ఫోన్ల కనవడదు.

దొరికేది యాడంటరా? చుట్టుపక్కల ఎండకాలంల గూడ చల్లగుండే కొత్త ఇల్లేదైన ఉంటే ఆ ఇంటోళ్లనే అడగండి. ఆర్కిటెక్టునని చెప్పుకునే హక్కు 1972 చట్టం కింద కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌ల పేరు నమోదైనోళ్లకే. సీఏ అని మొదలయ్యే నంబరు అడగండి. నన్నడిగితే, ఒక అంతస్తు ఇంటికి అనుభవమున్న సివిల్ ఇంజనీరైనా సాలు.

మేస్త్రిని మాత్రం చిన్నబుచ్చకండి. ముగ్గు ఆయనే పోస్తడు. పోసేనాడు గీసినాయన, మీ కొడుకు ఇద్దరూ అక్కడ ఉండాలె. తలెత్తి తీగలు చూసే పని మీరు పెట్టుకోండి.