చదువయ్యాక డాలస్‌లోనా, హన్మకొండలోనా?

ప్రశ్న: అక్కా, మేలో డాలస్‌లో నా డేటా సైన్స్ ఎంఎస్ అయిపోతుంది. ఎనుమాములలో బాపుకు మిర్చి అడ్తి దుకాణం ఉంది. లోను బాకీ ఉంది. అమ్మ వచ్చేయమంటోంది. ఏం చేయను?
– ఓ పాఠకుడు, హన్మకొండ

జవాబు: తమ్ముడూ, లోను డాలర్లతో తీర్చడమే సులువు. ముందు ఓపీటీకి, అంటే చదువయ్యాక అమెరికాలో కొన్నాళ్లు పని చేసుకునే అనుమతికి అప్లై చెయ్యి. కోర్సు ముగిశాక 60 రోజులు దాటితే ఆ దారి మూసుకున్నట్టే. మొదట 12 నెలలు ఇస్తారు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) కోర్సు కాబట్టి మరో 24 దొరకొచ్చు. కానీ మొదటి ఏడాదిలో ఉద్యోగం లేని రోజులు మొత్తం 90 దాటకూడదు, అసలు టెన్షన్ అదే. హెచ్‌1బీ ఉద్యోగ వీసా లాటరీని నమ్ముకుని పెళ్లి ముహూర్తాలు మాత్రం పెట్టించకు!

తిరిగొస్తే మడికొండలో ఐటీ పార్కు ఉంది గానీ, నీ పనికి ఎక్కువ అవకాశాలు హైదరాబాద్‌లోనే. అంటే అమ్మకు ఆదివారాలే దక్కుతావు, అది ఆమెకు ముందే చెప్పు. ఇంతకీ అడ్తిలో కూర్చోవాలని నీకుందా? బాపు సంగతి కాదు, నీ సంగతే అడుగుతున్నా.