‘టు ద బిటర్ ఎండ్’లో చేదు ఎక్కడిది?

‘దే ఫాట్ టు ద బిటర్ ఎండ్’ని ‘చేదు ముగింపు వరకూ పోరాడారు’ అని తెలుగు చేయవచ్చా అని అడిగారు. వద్దండీ. ‘ఎన్ని అగచాట్లు పడ్డా కడదాకా పోరాడారు’ అంటే సరిపోతుంది. బడిలో నేనూ మీలాగే చేదనే అనుకున్నాను. ఆ భ్రమ ఓడెక్కాక వదిలింది.

కేడెట్‌గా నా మొదటి ఓడ మరమ్మతుకని డ్రై డాక్‌లో, అంటే నీళ్లు తోడేసి ఓడని బాగుచేసే రేవులో, చేరింది. లంగరు గొలుసు మొత్తం దించి డాక్ నేల మీద వరసలుగా పరిచారు. గొలుసును మేం షాకిల్స్‌లో లెక్కపెడతాం. ఒక్కోటి 27.5 మీటర్లు, మా ఓడకి ఒక్కో వైపు 12. అంటే 330 మీటర్ల ఇనుము! అది చుట్ట పడి ఉండే చైన్ లాకర్‌లో దిగి, అడుగున పేరుకున్న బురద బకెట్లతో తోడటం నా వంతు. ఆ కంపు ఇప్పటికీ తలుచుకుంటే అన్నం సయించదు. అంతా తోడాక మా సరంగు (డెక్కు పనివాళ్ల పెద్ద), శ్రీకాకుళం వైపు మనిషి, గోడకున్న లావుపాటి పిన్ను మీద టార్చి వేశాడు. “గొలుసులో ఆఖరి లింకు దీనికే తగిలిస్తాం బాబూ. ఇదే బిటరెండు.” తుఫానులో లంగరు ఎత్తే వీల్లేక గొలుసంతా వదులుకోవాల్సి వస్తే, లాకర్ బయటి నుంచే ఆ పిన్ను ఊడగొడతారట.

మాట పాతదే. తెరచాప ఓడల్లో లంగరుకి గొలుసు కాదు, మోకు ఉండేది. డెక్కు మీద పాతిన దిట్టమైన దుంగలకి ఆ మోకు చుట్టేవాళ్లు. ఆ దుంగలు బిట్స్, వాటి చుట్టూ వేసిన చుట్టు బిటర్. అమెరికాలో జేమ్స్‌టౌన్ వలసతో పేరుపడ్డ కెప్టెన్ జాన్ స్మిత్ 1627లో నావికుల కోసం వేసిన పుస్తకంలోనే, ఓడ లోపల మిగిలే మోకు కొసని ‘బిటర్స్ ఎండ్’ అన్నాడు. మోకు అక్కడిదాకా వదిలేశారంటే ఇక వదలడానికేమీ లేదన్నమాట.

అయితే ఓడవాళ్ల మాటే మూలమని కొట్టి చెప్పలేం. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో, సామెతల గ్రంథం 5వ అధ్యాయంలో, జారస్త్రీ గురించి ‘హర్ ఎండ్ ఈజ్ బిటర్’ అని ఉంది. మన తెలుగు బైబిల్లో అదే చోట ‘ముసిణిపండంత చేదు’ అని చదువుతాం. అక్కడ ‘ఎండ్’ కాస్తా ‘ఫలము’ అయింది కాబట్టి తెలుగులో ఆ పోలిక కనిపించదు. బైబిలు చేదు, ఓడ మోకు రెండూ జనం నోట కలిసిపోయాయని నా ఊహ. మొగ్గు మాత్రం మోకు వైపే. బురద తోడినవాణ్ణి, ఆ మాత్రం పక్షపాతం ఉంటుంది కదా!

దక్షిణాఫ్రికాలో బ్రిటిష్ వాళ్లకి లొంగకుండా 1902 మే 31 నాటి సంధి దాకా పోరాడిన బోయర్లకి (అక్కడ స్థిరపడ్డ డచ్చి సంతతివాళ్లకి) ‘బిటర్ ఎండర్స్’ అనే పేరు నిలిచిపోయింది. మీ వాక్యంలో ఉన్నదీ ఆ అర్థమే.

ఒక్కటి గుర్తుంచుకోండి. సుఖంగా గడిచినవాటికి ఇది వాడరు. ఎవరి పెళ్లికో వెళ్లి ‘వియ్ స్టేడ్ టిల్ ద బిటర్ ఎండ్’ అన్నారంటే, భోజనాలు బాగాలేవని పెళ్లివారు నొచ్చుకుంటారు.